గుర్రం కడుపుకి గడియారం లేదు

రాత్రి పదకొండున్నర. బరాత్ ముగిసింది. పెళ్ళికొడుకు గుర్రం దిగి విడిదింట్లోకి వెళ్ళిపోయాడు. బ్యాండువాళ్ళు భోజనాలకు కూర్చున్నారు. షామియానా వెనక కరెంటు స్తంభానికి కట్టేసిన తెల్ల గుర్రం ముందు దాని యజమాని బక్కెట్టు తెచ్చి పెట్టాడు. అందులో నిండుగా ఉలవ గుగ్గిళ్ళు, ఉడికించిన జొన్నలు. పొద్దున ఆరింటికి తిన్న తర్వాత దానికి దొరికిన మొదటి తిండి అదే.

గుర్రం బక్కెట్టులో మూతి పెట్టింది. రెండు బుక్కలు తిని తల తీసేసింది. ఆవులించింది. పళ్ళు కొరుక్కుంది. మెడ తిప్పి తన డొక్కవైపు తనే చూసుకుంది.

"ఏమైందే రాణీ? తినవే తల్లీ!" అన్నాడాయన. అది తినలేదు.

దిష్టి తగిలిందనుకున్నాడు. జనం, లైట్లు, టపాకాయలు... ఇంటికి తీసుకెళ్ళి నిమ్మకాయ తిప్పి పడేశాడు. తెల్లారి కూడా రాణి సగమే తిన్నది. ఆ వారంలో ఇంకో రెండు పెళ్ళిళ్ళున్నాయి. రెండింటికీ అడ్వాన్సు తీసుకుని ఉన్నాడు. ఆ డబ్బు అప్పుడే పిల్లల స్కూలు ఫీజుకి కట్టేశాడు కూడా!

మంగంపేటలో మొదలైన ఈ చిన్న చిక్కు, చివరికి ఆ ఇంట్లో ఎవరూ పట్టించుకోని ఒక ముసలాయన మాట దగ్గర తేలింది.

ముగ్గురాళ్ళ ఊళ్ళో గుర్రం

మంగంపేట అంటే ఎవరికైనా గుర్తొచ్చేది ముగ్గురాయి. పాత కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలో, రైల్వే కోడూరుకు దగ్గర్లో ఉన్న ఈ ఊరి నేల కింద ప్రపంచంలోనే అతిపెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటుంది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడ గనులు తవ్విస్తోంది. చేతిలోకి తీసుకుంటే, ఇంత చిన్నరాయికి అంత బరువా అనిపిస్తుంది. నీటికంటే నాలుగురెట్లకు పైనే బరువు తూగుతుంది మరి. చమురు బావులు తవ్వేచోట బురదలో కలపడానికి ఈ పొడి సముద్రాలు దాటి వెళ్తుంది. రాళ్ళ లారీలు తిరిగే రోడ్డు, మరపట్టే మిల్లులు, చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము... ఇదీ ఊరి ముఖచిత్రం.

రాణి యజమాని కూడా కొన్నాళ్ళు లారీ మీద క్లీనరుగా తిరిగినవాడే. తర్వాత ఒక తెల్ల గుర్రాన్ని కొన్నాడు. పెళ్ళి ఊరేగింపులు, పంచెకట్టు ఫంక్షన్లు, తిరునాళ్ళు... సీజనులో తీరిక ఉండదు. సీజను లేనప్పుడు గుర్రం ఊరికే నిలబడే ఉంటుంది. కానీ దాని కడుపు నిలబడదు కదా! మన పెద్దవాళ్ళు ఊరికే అన్నారా, 'గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు' అని!

దాణా విషయంలో ఆయన ఏనాడూ లోభం చూపలేదు. పొద్దున రెండు కిలోలు, రాత్రి రెండు కిలోలు. పైన గుప్పెడు తవుడు. మధ్యలో ఇంత వరిగడ్డి, అదీ ఉంటే. "మనమూ రెండు పూట్లే కదా తినేది" అనేవాడు. ఇది కాక నెలనెలా ఒక టిన్ను. దాని మీద దూకుతున్న గుర్రం బొమ్మ. 'కడుపు పదిలం, మెరిసే వెంట్రుకలు, రెట్టింపు బలం' అన్న అర్థం వచ్చే ఇంగ్లిషు మాటలు. ఇంట్లో పాలు ఒక పూట తగ్గించుకున్న నెల కూడా టిన్ను మాత్రం తప్పలేదు.

అంత చేసినా గుర్రం తినడం మానేసింది. అదే ఆయనకు అంతు పట్టలేదు.

టిన్ను సంగతి తర్వాత!

పశువుల డాక్టరు వచ్చాడు. ముందు గుర్రం నోరు తెరిచి పళ్ళు చూశాడు. చిగుళ్ళ రంగు చూశాడు. డొక్కకు స్టెతస్కోపు ఆనించి రెండు వైపులా చాలాసేపు విన్నాడు. లద్దె ఎలా వేస్తోందని అడిగి, వెళ్ళి స్వయంగా చూసి వచ్చాడు. గంటల్లో ప్రాణం తీసే శూల కాదని తేలాక అప్పుడు కూర్చున్నాడు.

ఆయన టిన్ను తెచ్చి చూపించాడు. "ఇది ఆపకుండా వేస్తానే ఉండాను సార్."

"టిన్ను సంగతి తర్వాత చూద్దాం. గడ్డి ఎప్పుడెప్పుడు వేస్తావు?"

ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాసేపు ఆలోచించి, "మధ్యాన్నం ఒకసారి సార్... పెళ్ళి ఉన్న రోజు కుదరదు" అన్నాడు.

"అంటే పెళ్ళి రోజు పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా దాని నోట్లోకి ఏమీ పోదన్నమాట."

"ఊరేగింపులో లద్దె వేస్తే బాగుండదని..."

కడుపులో పుండు అయ్యుండొచ్చని డాక్టరు చెప్పాడు. అయితే కళ్ళతో చూడకుండా ఖాయంగా చెప్పలేనన్నాడు. ఇక్కడే మంగంపేటకు సంబంధించిన ఒక విచిత్రం ఉంది. ఒకప్పుడు మనుషులకు కడుపులో పుండుందేమోనని అనుమానం వస్తే తెల్లటి ద్రావణం తాగించి ఎక్స్‌రే తీసేవాళ్ళు. ఆ ద్రావణంలో ఉండేది బేరియం సల్ఫేట్. ముగ్గురాయిలో ఉండేదీ అదే. బాగా శుద్ధిచేసిన ఆ పొడి కడుపు గోడలకు పట్టుకుంటే ఎక్స్‌రేలో లోపలి ఆకారం తెల్లగా కనిపిస్తుంది. అది నీళ్ళలోనూ ఆమ్లంలోనూ కరగదు కాబట్టి ఒంటికి పట్టదు, అలాగే బయటికి పోతుంది. మనిషి కడుపు గుట్టు విప్పిన ఆ రాయి ఊరి నిండా గుట్టలుగా ఉంది. కానీ పక్కనే కట్టేసిన గుర్రానికి మాత్రం అది పనికిరాదు. ఎదిగిన గుర్రం డొక్క అంత మందం. అందుకే దాని కడుపులోకి చూడాలంటే ముక్కులోంచి మూడు మీటర్ల పొడవున్న కెమెరా గొట్టం పంపాలి. అలాంటి పరికరాలు ఎక్కడో రేసు గుర్రాలుండే పట్టణాల్లో తప్ప దొరకవు.

మరి కెమెరా లేని ఊళ్ళో గుర్రం కడుపును ఎలా చూడాలి? బక్కెట్టులో ఏం మిగిలిందో చూడాలి. లద్దెను చూడాలి. దాని రోజు ఎలా గడిచిందో చూడాలి.

తిన్నా తినకున్నా ఊరే ఆమ్లం

గుర్రం అంత పెద్ద జంతువు కదా, దాని కడుపు కూడా పెద్దదే అనుకుంటాం. నిజానికి ఒంటితో పోలిస్తే చాలా చిన్నది. ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు పడుతుంది, అంతే. జీర్ణకోశం మొత్తంలో పదో వంతు కూడా ఉండదు. ఆవుకీ గేదెకీ ఉన్నట్టు నెమరు వేసే ఏర్పాటు లేదు. పిత్తాశయం లేదు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, గుర్రం వాంతి చేసుకోలేదు. గొంతు నుంచి కడుపులోకి వెళ్ళే ద్వారం అంత గట్టిగా బిగుసుకుని ఉంటుంది. లోపలికి పోయిందేదైనా అటు నుంచి అటే పోవాలి.

ఇంత చిన్న కడుపు ఎందుకు? గుర్రం పూటకింత తినే జంతువు కాదు. బయళ్ళలో నడుస్తూ, కొరుకుతూ, నమలుతూ రోజులో పదిహేను పదహారు గంటలు మేతలోనే గడిపే జంతువు. కొంచెం కొంచెంగా వచ్చిపడే గడ్డికి తగ్గట్టే దాని లోపలి యంత్రం తయారైంది. మనకు అన్నం ముందుకొస్తే కడుపులో ఆమ్లం ఎక్కువగా ఊరుతుంది. గుర్రానికి అలా కాదు. తిన్నా తినకున్నా, పగలైనా రాత్రయినా ఆమ్లం ఊరుతూనే ఉంటుంది. దానికి విరుగుడు లాలాజలం. అందులో సోడాలాంటి లవణం ఉంటుంది, ఆమ్లాన్ని చల్లారుస్తుంది. అయితే గుర్రానికి మనలాగా తిండిని చూడగానే నోరూరదు. నమిలితేనే ఊరుతుంది!

మొత్తం కిటుకంతా ఇక్కడే ఉంది. కిలో ఎండుగడ్డి తినడానికి గుర్రం మూడు వేలసార్లకు పైగా నములుతుంది. అదే కిలో గింజల దాణాకు వెయ్యిసార్లు చాలు. అంటే గడ్డి తింటే కడుపులోకి లాలాజలం ధారగా దిగుతుంది. దాణా తింటే కాస్తే దిగుతుంది. రెండు కిలోల గుగ్గిళ్ళు పావుగంటలో లాగించేసి మిగతా పది గంటలు ఖాళీగా నిలబడితే? ఆమ్లం మాత్రం గంటగంటకీ ఊరుతూనే ఉంటుంది.

కడుపులో కింది భాగానికి జిగట పొర రక్షణగా ఉంటుంది. పైభాగానికి ఆ పొర లేదు. గుర్రం దౌడు తీసినప్పుడు పొత్తికడుపు బిగుసుకుని లోపలున్న ఆమ్లం పైకి ఎగజిమ్ముతుంది. కడుపులో గడ్డి ఉంటే అది చాపలా పరుచుకుని ఆమ్లాన్ని అడ్డుకుంటుంది. ఖాళీగా ఉంటే నేరుగా వెళ్ళి ఆ పచ్చి గోడను కాలుస్తుంది. శిక్షణలో ఉన్న పందెపు గుర్రాలను కెమెరాతో పరీక్షించిన చోట్ల పదింటిలో తొమ్మిదింటికి దాకా పుండ్లు కనిపించాయంటే ఆశ్చర్యం లేదు.

మనుషుల పుండ్ల కథ వేరు. ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దాని వెనకున్న సూక్ష్మజీవిని పట్టుకున్నారు. 2005లో నోబెల్ అందుకున్నారు. గుర్రాల్లో అలాంటి దొంగ ఒక్కడే అని తేలలేదు. ఎక్కువగా వేలు చూపించాల్సింది మనిషి పెట్టిన వేళల వైపే. డెన్మార్క్‌లో గుర్రాల మీద జరిగిన అధ్యయనం ఒకటి 2009లో వెలువడింది. గడ్డికీ గడ్డికీ మధ్య ఆరుగంటలకు మించి ఎడం ఉన్నా, మేతగా ఉత్త ధాన్యపుగడ్డే పెట్టినా, పిండిపదార్థం ఎక్కువైనా, దొడ్డిలో తాగడానికి నీళ్ళు లేకపోయినా పుండ్ల ముప్పు పెరుగుతోందని అందులో తేలింది.

డాక్టరు ఒక్కొక్కటే చెబుతుంటే రాణి యజమాని వేళ్ళు మడుస్తూ కూర్చున్నాడు. నాలుగు వేళ్ళూ మడవాల్సి వచ్చింది.

ఉలవల తప్పు కాదు

"అయితే ఉలవలు మానేయాలా సార్?" అన్నాడాయన బిక్కమొహంతో.

రాయలసీమలో పుట్టినవాడికి ఆ మాట మింగుడు పడదు. వాన వెనక్కిపోయి ఏ పంటా పండని ఏడాది కూడా చేతికొచ్చే గింజ ఉలవ. ఉడికించిన గింజ ఎద్దులకూ గుర్రాలకూ, వార్చిన నీళ్ళు ఇంట్లోవాళ్ళకు చారు. ఇంగ్లిషువాళ్ళయితే ఏకంగా గుర్రం పేరే పెట్టేశారు, 'హార్స్ గ్రామ్' అని.

దక్షిణాదిలో గుర్రాల తిండి మీద చర్చ ఈనాటిది కాదు. కాకతీయుల కాలంలో మోటుపల్లి రేవుకు వచ్చిన మార్కోపోలో, తమిళ తీరాన ఏటా వేల గుర్రాలు దిగుమతి అవుతున్నా ఏడాది తిరిగేసరికి చాలామటుకు చచ్చిపోతున్నాయని రాశాడు. వాటికి మాంసంతో వండిన అన్నం పెడతారని, గుర్రాల్ని చూసుకోవడం తెలిసినవాళ్ళు లేరని ఆయన ఫిర్యాదు. విజయనగర రాజు ఏటా పదమూడు వేల గుర్రాలు కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో రాజనీతి చెబుతూ, గుర్రాలు తెచ్చే విదేశీ వర్తకుల్ని మంచి చేసుకోమని సలహా ఇచ్చాడు. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో ఒక గ్రంథమే రాశాడు. ఉత్తరాదిలో నిన్నమొన్నటి దాకా పశువైద్యుణ్ణి 'సలోత్రి' అనేవాళ్ళు. అశ్వవైద్యానికి ఆద్యుడని చెప్పే శాలిహోత్రుడి పేరే అది. ఇంత చరిత్ర ఉన్న గడ్డ మీద ఇప్పుడు గుర్రమే అరుదైపోయింది. 2019 పశుగణన నాటికి దేశం మొత్తమ్మీద మిగిలినవి మూడు లక్షల నలభై వేలే. 2012తో పోలిస్తే దాదాపు సగం తగ్గాయి. గుర్రాలతో పాటు వాటి పోషణ తెలిసిన మనుషులూ తగ్గిపోయారు.

ఉలవల తప్పేమీ లేదు. వందకు ఇరవై పాళ్ళకు పైగా మాంసకృత్తులున్న గట్టి గింజ అది. నానబెట్టి బాగా ఉడికిస్తే అరుగుదలకు అడ్డుపడే గుణం తగ్గుతుంది. తప్పల్లా దాన్ని మేతగా అనుకోవడంలో ఉంది. గడ్డి గుర్రానికి అన్నం. దాణా కూర. కూరతోనే కడుపు నింపితే ఎవరికైనా మంట పుట్టదా!

డాక్టరు జేబులోంచి టైలరు టేపు తీశాడు. ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత తీస్తే నూటయాభై సెంటీమీటర్లు. భుజం నుంచి పిరుదు దాకా పొడవు నూట అరవై అయిదు. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే హెచ్చవేసి, దాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు సుమారుగా వస్తుంది. రాణి మూడువందల పది కిలోల పైచిలుకు తేలింది. వంద కిలోల బరువుకి రోజుకి కనీసం కిలోన్నర ఎండుమేత పడాలి. రెండు కిలోలైతే మరీ మంచిది. అంటే రాణికి అయిదారు కిలోలు. ఇన్నాళ్ళూ దానికి పడుతున్నది అందులో సగం కూడా లేదు.

గింజల లెక్క వేరు. ఒక్కో పూటకు ఒంటి బరువులో కిలోకి ఒక గ్రాము పిండిపదార్థం దాటకూడదు. జొన్నో మొక్కజొన్నో అయితే రాణికి పూటకు అరకిలో లోపే అన్నమాట. బక్కెట్టు నిండా కాదు!

ఎండిన సీమలో పచ్చి మేత

చెప్పడం తేలికే. కరువు సీమలో గడ్డి ఎక్కడిది? గింజలు కొట్లో దొరుకుతాయి, తూకమేసి తెచ్చుకోవచ్చు. గడ్డి అలా దొరకదు. బహుశా అందుకే ఈ ప్రాంతంలో గుర్రం దాణాకు అలవాటు పడి ఉంటుంది.

అయినా వెతికితే దారులున్నాయి. కోడూరు చుట్టుపక్కలంతా మామిడి, బొప్పాయి, అరటి, నిమ్మ తోటలు. గట్ల మీద, చెట్ల మధ్య గరిక. వినాయకుడికి పెట్టే గరికే గుర్రానికీ ఇష్టమైన మేత. బ్రిటిషువారి అశ్వదళాల్లో దాన్ని చెక్కి తేవడానికే ప్రత్యేకంగా మనుషులుండేవారు. తోటవాళ్ళకూ గడ్డి చెక్కేస్తే మేలే. ఒక్కటే జాగ్రత్త, ఎప్పుడు మందు కొట్టారో అడిగి తెలుసుకోవాలి. బోరు నీళ్ళున్నచోట లూసర్న్ వేసుకోవచ్చు. పొరుగున తమిళులు దీన్ని 'కుదిరై మసాల్' అంటారు, కుదిరై అంటే గుర్రమే. ఇందులో కాల్షియం, మాంసకృత్తులు ఎక్కువ. అవి ఆమ్లాన్ని కాసేపు చల్లారుస్తాయని పరీక్షల్లో తేలింది. మేత అంతా అదే కానక్కర్లేదు. రోజులో ఒకటి రెండు పిడికట్లు, ముఖ్యంగా పనికి ముందు పెడితే చాలు.

వేరుశనగ కట్టె మంచిదే. కానీ బూజు పట్టింది పనికిరాదు, మట్టి దులపకుండా వేయకూడదు. వరిగడ్డి మిగతా మేతలో కలిపి కొంత వేయొచ్చు, ఉత్త వరిగడ్డి మీదే ఉంచకూడదు. పచ్చిజొన్న ఆవులకే ఒక్కోసారి ప్రమాదం. గుర్రాలకు దాని మీదే మేపితే మూత్రాశయం, నడుము పట్టుతప్పే జబ్బు వస్తుంది. తవుడు రోజూ ఎక్కువగా పెడితే భాస్వరం పెరిగి, కాల్షియం చాలక ఎముకలు గుల్లబారతాయి. ఏది మార్చినా పది పదిహేను రోజుల మీద కొంచెం కొంచెంగా మార్చాలి.

దుమ్ము సంగతి ఇంకొకటి. నేల మీద మేత పడేస్తే గుర్రం గడ్డితో పాటు ఇసుకనూ మింగుతుంది. అది పేగుల్లో పేరుకుంటే శూల వస్తుంది. నాలుగు లద్దె ఉండల్ని నీళ్ళ బక్కెట్టులో వేసి కలిపి వదిలేస్తే, ఇసుక ఉంటే అడుగున తేరుకుంటుంది. రాణి బక్కెట్టు అడుగున వేలితో గీత గీయగలిగినంత ఇసుక కనిపించింది.

టిన్నులో ఏముంది?

అప్పుడు టిన్ను వంతు వచ్చింది. డాక్టరు అద్దాలు సవరించుకుని లేబులు చదివాడు. కొన్ని విటమిన్లు, ఖనిజాలు, ఈస్ట్. చెడ్డవేమీ కావు. మేతలో లోటుంటే ఖనిజ లవణాల పొడి మంచిదే. చెమటోడ్చే గుర్రానికి రోజూ చెంచా రెండు చెంచాల ఉప్పు, ఎప్పుడూ అందుబాటులో నీళ్ళు తప్పనిసరి. ఆమ్లాన్ని చల్లార్చే పొడులు కూడా వస్తున్నాయి. వాటి పని గంటా రెండు గంటలు. మిగతా ఇరవై రెండు గంటలకు ఏం చేస్తాం? పెక్టిన్, లెసిథిన్ లాంటివి కలిపిన మిశ్రమాల మీద పరీక్షలు చేస్తే ఒకచోట మేలు కనిపించింది, ఇంకోచోట కనిపించలేదు. నోట్లో పిండే గాఢమైన లవణాల ముద్దలు పదే పదే ఇస్తే పుండు ఇంకా రేగవచ్చు. ఏ టిన్నూ గడ్డి చేసే పని చేయదు.

పుండు పడ్డాక మాన్పడానికి నమ్మకమైన మందు ఒమెప్రజోల్. గుర్రాల కోసం తయారుచేసిన రకానికి అమెరికాలో 1999లో అనుమతి వచ్చింది. మన మందుల షాపులో దొరికే గొట్టం మాత్ర విప్పి పొడి చేసి పోస్తే కడుపులో ఆమ్లమే దాన్ని పాడుచేస్తుంది. ఏ రకం, ఎంత, ఎన్నాళ్ళన్నది డాక్టరే చెప్పాలి. అన్నిటికంటే ముందు, కుంటుతోందని అడగకుండా వేసే నొప్పి సూదులు ఆపాలి. అవి ఎక్కువైతే కడుపు కింది భాగంలోనూ పుండ్లు పడతాయి.

డాక్టరు లేచి వెళ్ళేముందు ఒక హెచ్చరిక చేశాడు. గుర్రం పదే పదే పడుకుని పొర్లినా, చెమటలు పట్టినా, లద్దె ఆగిపోయినా అది ఎదురుచూసే జబ్బు కాదు. మేత తీసేసి వెంటనే ఫోన్ చేయాలి. వెదురు గొట్టంతో కషాయాలు, నూనెలు పోయకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి దిగితే శూలకు బదులు అదే చంపుతుంది.

మంచం మీది మాట

ఇదంతా వసారాలో నులకమంచం మీద పడుకుని ఒక ముసలాయన వింటున్నాడు. రాణి యజమానికి తండ్రి. ఒకప్పుడు కోడూరు రైల్వే స్టేషను దగ్గర జట్కా తోలినవాడు. ఆటోలు వచ్చాక జట్కా మూలపడింది. ఆ తర్వాత ఆయన మాట కూడా మూలపడింది. కొడుకు గుర్రం కొన్నప్పుడు ఏదో చెప్పబోతే, "నీ కాలం కాదు నాయనా ఇది" అనేశాడు కొడుకు. అంతే, మళ్ళీ ఆయన కల్పించుకోలేదు.

డాక్టరు వెళ్ళాక మంచం మీంచి గొంతు వినిపించింది.

"జట్కా కింద వలమూట ఉండేది, గుర్తుందా నీకు?"

కొడుక్కి గుర్తొచ్చింది. చక్రాల మధ్య వేలాడే తాళ్ళ వల. నిండా గడ్డి. చిన్నప్పుడు అందులో దూరి పడుకునేవాడు. దెబ్బలు కూడా తిన్నాడు.

"బండి ఆగితే చాలు, మూట గుర్రం ముందుకొచ్చేది. రైలు వచ్చేదాకా నేను బీడీ తాగేవాణ్ణి, అది గడ్డి నమిలేది. రైలు ఎప్పుడూ లేటే కదా! గుగ్గిళ్ళు రాత్రికే, అదీ దోసెడు."

ముసలాయన చదువుకున్నవాడు కాదు. ఆమ్లం, లాలాజలం అన్న మాటలు ఆయన వినలేదు. ఆయన చేసిందంతా ఒప్పు కాదు కూడా. పొంగిన కడుపుకి గొట్టంతో నూనె పోసిన రోజులున్నాయి, మోయలేని బరువు మోయించిన రోజులున్నాయి. కానీ ఒక్క సంగతి మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. నిలబడ్డ గుర్రం నోరు ఆడుతూ ఉండాలి. డెన్మార్క్ అధ్యయనం చెప్పిన ఆరు గంటల లెక్కను ఆయన లేటు రైళ్ళ లెక్కన ఎప్పుడో పాటించాడు.

కొడుకు ఏమీ అనలేదు. సాయంత్రం ఉల్లిగడ్డల దుకాణంలో పాత వలసంచులు నాలుగు అడిగి తెచ్చాడు. ఒకదాంట్లో ఒకటి దూర్చి గడ్డి కూరాడు. కన్నాలు చిన్నవి కాబట్టి గుర్రం ఒక్కో పరకే లాక్కోవాలి. గంటలో అయ్యే మేత మూడు గంటలు వస్తుంది. వేలాడదీయడం మాత్రం చేతకాలేదు. ముసలాయన మంచం దిగి వచ్చి, "డెక్క చిక్కుకుంటుందిరా, ఎత్తుగా కట్టాల" అంటూ తనే ముడివేశాడు. లాగితే జారకుండా, అవసరానికి ఒక్క గుంజుకి ఊడిపోయే జట్కా ముడి.

ఆ వారం పెళ్ళిళ్ళలో ఒకటి ఆయన వదులుకున్నాడు. అడ్వాన్సు తిరిగిచ్చేందుకు అప్పు చేశాడు. డాక్టరు రాసిన మందు పూర్తిగా వాడాడు. రోజు నాలుగు సార్లు మేత, చివరి మూట పడుకునే ముందు. దాణా తగ్గించి మూడు చిన్న పూటలు చేశాడు. అద్భుతాలేమీ జరగలేదు. మొదటి వారం రాణి సగమే తిన్నది. రెండో వారం చివర బక్కెట్టు నాకడం మొదలుపెట్టింది. పళ్ళు కొరకడం తగ్గింది. నెల దాటాక జీను బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి కరవబోవడం మానేసింది. అది పొగరు కాదని, నొప్పి అని అప్పుడు అర్థమైంది ఇంట్లోవాళ్ళకు. దూకే గుర్రం బొమ్మ ఉన్న టిన్ను ఖాళీ అయ్యాక కొత్తది రాలేదు. ఆ డబ్బు లూసర్న్ వేసిన రైతుకు వెళ్తోంది. ఖాళీ టిన్నులో ఇప్పుడు ఉప్పు పోసుకుంటున్నారు.

తర్వాతి ముహూర్తాల్లో ఒక బరాత్. బ్యాండువాళ్ళు మోత మొదలుపెట్టారు. పెళ్ళికొడుకు తలపాగా సర్దుకుంటున్నాడు. షామియానా వెనక రాణి తీరిగ్గా గడ్డి నములుతోంది. పెళ్ళివారి తరఫు కుర్రాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమన్నా, ఇంకా మేపుతానే ఉండావా? టైమైపోతాంది!"

గుర్రం యజమాని తల తిప్పలేదు. "రైలు ఇంకా రాలేదు తమ్ముడూ" అన్నాడు. ఆ కుర్రాడికి అర్థం కాలేదు. రాణి మాత్రం ఇంకో పరక లాక్కుంది.